పొగ పోయిన కుంపటిని నమ్మకండి

పుష్యమాసం చలి సంగతి వేరే చెప్పాలా! పొద్దున్నే లేచి నీళ్ళల్లో చెయ్యి పెట్టాలంటే ప్రాణం జివ్వుమంటోంది. ఈ చలిలో మన సోదరి ఒకరు ఉత్తరం రాశారు. వాళ్ళది బొగ్గుగనుల ఊరు. "పెరట్లో ఎప్పటిదో బొగ్గు పొడి నాలుగు బస్తాలు పడి ఉంది. మా అమ్మ దాంతో ఉండలు చేసేది. నాకు కొలతలు గుర్తులేవు. మా అమ్మాయి పురిటికొచ్చింది. బాలింత గదిలో కుంపటికి పనికొస్తాయి కదా, ఎలా చెయ్యాలో రాయండి" అని అడిగారు.

అక్కయ్యా, మీ ఉత్తరంలో రెండు సంగతులున్నాయి. ఉండలు చెయ్యడం ఒకటి, వాటిని బాలింత గదిలో పెట్టడం ఒకటి. మొదటిది తప్పకుండా చెప్తాను. రెండోది మాత్రం వద్దంటాను. ఎందుకు వద్దో కూడా దాచకుండా చెప్తాను. దయచేసి కొలతల వరకే చదివి పేజీ తిప్పెయ్యకండి.

పారేసే పొడికీ విలువుంది

ఇల్లందు దగ్గర 1871లో బొగ్గు బయటపడ్డ దగ్గర్నించీ మన గోదావరి లోయలో ఊళ్ళకి ఊళ్ళే బొగ్గు మీద లేచాయి. కొత్తగూడెం, ఇల్లందు, బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని... ఈ ఊళ్ళల్లో పెరిగిన ఆడపిల్లలకి రాక్షసి బొగ్గు అంటే కొత్తేమీ కాదు. మిగతా జిల్లాల సోదరీమణులకి ఒక్క మాట. కట్టెలు కాల్చి చేసే బొగ్గు వేరు, నేలలోంచి తవ్వి తీసే ఈ బొగ్గు వేరు. దీన్నే నేలబొగ్గనీ, రాక్షసి బొగ్గనీ అంటాం. అంటుకోవడం ఆలస్యం, అంటుకుందా ఇక వదలదు.

మా నాన్నగారు గనిలో పనిచేసేవారు. గని పనివాళ్ళ ఇళ్ళల్లో పెరట్లో ఓ మూల బొగ్గు కుప్ప ఉండేది. గడ్డలన్నీ పొయ్యిలోకి పోగా అడుగున పొడి మిగిలిపోయేది. ఆ పొడిని పొయ్యిలో వేస్తే మండదు. పైగా మండుతున్న మంట కూడా ఆరిపోతుంది. ఎందుకంటే పొడి అంతా దగ్గరగా సర్దుకుని, గాలి పోయే సందు లేకుండా చేస్తుంది. గాలి లేనిదే మంట లేదు కదా. అదే పొడిని గట్టిగా అదిమి ఉండలు చేశామనుకోండి, ఉండకీ ఉండకీ మధ్య సందులుంటాయి, గాలి ఆడుతుంది, నిదానంగా కణకణలాడుతూ కాలుతుంది. పనికిరాని పొడి పనికొచ్చే వంటచెరకు అయిందన్నమాట. ఇదీ ఇందులోని కిటుకు.

ఉండలు చేసే విధానం

కావలసినవి: జల్లించిన బొగ్గు పొడి 10 డబ్బాలు, బంకమన్ను ఒకటిన్నర డబ్బా, పచ్చి పేడ 1 డబ్బా, తగినన్ని నీళ్ళు. డబ్బా ఏదైనా ఫర్వాలేదు, అన్నీ ఒకే డబ్బాతో కొలవాలి.

ముందు రోజు రాత్రే బంకమన్ను నానబెట్టుకోండి. చెరువు మన్ను శ్రేష్ఠం. నల్లరేగడి వద్దు, ఎండితే నెర్రెలిచ్చి ఉండ పగిలిపోతుంది. బొగ్గు పొడిని జల్లించే ముందు కాసిని నీళ్ళు చిలకరించండి. లేకపోతే దుమ్మంతా ముక్కులోకీ గొంతులోకీ పోతుంది. ముక్కుకి తడిగుడ్డ కట్టుకోండి. పసిపిల్లల్ని, ఆయాసం ఉన్నవాళ్ళని ఆ దరిదాపులకి రానివ్వకండి.

నానిన మన్నుని మజ్జిగలా చేత్తో పిసికి, రాళ్ళూ వేళ్ళూ తీసేసి, పేడ కలిపి, ఆ నీళ్ళని పొడిలో కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. జారుగా ఉండకూడదు. చలిమిడి ముద్దలా ఉండాలి. పిడికిట్లో గట్టిగా నొక్కితే వేళ్ళ గుర్తులు పడాలి, నీళ్ళు కారకూడదు.

చేత్తో కమలాపండంత ఉండలు చేసుకోవచ్చు. ఇంకా గట్టిగా, ఒకే సైజులో కావాలంటే పాత పాలడబ్బా రెండు వైపులా మూతలు తీసేసి అచ్చులా వాడండి. చదునైన బండ మీద డబ్బా నిలబెట్టి, సగం వరకూ ముద్ద కూరి, లోపల పట్టే చెక్కదిమ్మతో బలంగా అదమండి. నడుమన వేలు లావు పుల్ల గుచ్చి తీస్తే చిల్లు పడుతుంది. ఆ చిల్లులోంచి గాలి పోయి బిళ్ళ లోపలి దాకా కాలుతుంది. తర్వాత డబ్బా పైకి లాగేస్తే బిళ్ళ బండ మీద నిలుస్తుంది.

ఎండలో నాలుగైదు రోజులు ఆరాలి. రెండో రోజు తిరగెయ్యండి. ఎండిందో లేదో చూడాలంటే ఒకటి విరిచి చూడండి. లోపల పొడిపొడిగా వెలిసిన నలుపు కనిపిస్తే ఎండినట్టు. తడి నలుపు మెరుస్తుంటే ఇంకా ఆరాలి. తడి ఉండ పొగ ఎక్కువ పెడుతుంది, వేడికి చిట్లుతుంది. బాగా ఎండిన ఉండని మోకాలెత్తు నుంచి కింద వదిలితే అంచు రాలచ్చుగానీ ముక్కలు కాకూడదు. ముక్కలైతే మన్ను చాలలేదని అర్థం. వచ్చే విడతకి అర డబ్బా పెంచుకోండి. మరీ ఎక్కువ పోస్తే మాత్రం కాలేదానికన్నా బూడిదే ఎక్కువ మిగులుతుంది. మన బొగ్గులో అసలే బూడిద పాలు ఎక్కువ.

మన్ను దొరక్కపోతే చిక్కటి గంజితో కూడా చెయ్యవచ్చు. గంజి ఉండలు గట్టిగానే ఉంటాయి గానీ వానచెమ్మ తగిలితే మెత్తబడతాయి, బూజు పడతాయి. పొడిచోట పెట్టుకోవాలి.

అంటించేటప్పుడు అడుగున పిడక ముక్కలు, సన్నపుల్లలు వేసి, వాటి మీద ఉండలు పేర్చండి. తొందరపడి కిరోసిన్ గుమ్మరించకండి. వెలిగించేది ఆరుబయటే సుమా.

ఆ సోదరి అడిగిన మొదటి సంగతి అయింది. నాలుగు బస్తాల పొడితో చలికాలమంతా పెరట్లో బాలింత స్నానానికి నీళ్ళు కాచుకోవచ్చు. గ్యాసు మిగులుతుంది. ఇక రెండో సంగతికొస్తాను.

ఆ రాత్రి మా ఇంట్లో

2001 జనవరిలో నేను మొదటి కాన్పుకి పుట్టింటికి వెళ్ళాను. పాప పుట్టి పదకొండు రోజులైంది. ఆ రోజు పురుడు కడిగారు. చలి మహా ఎక్కువగా ఉంది. బాలింతకి చల్లగాలి తగిలితే వాతం చేస్తుందనీ, పసిబిడ్డకి జలుబు చేస్తుందనీ అమ్మకి భయం. అందరు తల్లులకీ ఉండే భయమే.

సాయంత్రం అమ్మ పెరట్లో కుంపటి నిండా బొగ్గు ఉండలు పేర్చి వెలిగించింది. గంటసేపు పొగ పోనిచ్చింది. పసిబిడ్డ ఉన్న గదిలోకి పొగ రాకూడదని ఎంత జాగ్రత్త! ఉండలన్నీ ఎర్రగా నిప్పులై, పొగ అన్నది చూద్దామన్నా లేకుండా పోయాక అప్పుడు గదిలోకి తెచ్చి నా మంచం కింద పెట్టింది. కిటికీ రెక్కల సందుల్లో పాత చీర కుక్కింది. తలుపు కింద గోనెపట్టా అడ్డం పెట్టింది. గది వెచ్చగా, హాయిగా అయింది. అమ్మ కింద చాప వేసుకుని పడుకుంది. మేమిద్దరం ఎంత సుఖంగా నిద్రపోయామో!

ఎంతసేపైందో తెలీదు, తలనొప్పికి మెలకువ వచ్చింది. తల రెండు చెక్కలైపోతుందేమో అన్నంత నొప్పి. కడుపులో తిప్పుతోంది. బాలింత నీరసం అనుకున్నాను. పాపకి పాలిచ్చే వేళైందని లేవబోతే కాళ్ళు నావి కానట్టున్నాయి. "అమ్మా" అని పిలిచాను. పిలిచాననే అనుకుంటున్నాను, గొంతు పెగిలిందో లేదో. అమ్మ పలకలేదు. పాప ఏడవడం లేదు. ఆకలేళకి ఇల్లు ఎగరగొట్టే పిల్ల ఏడవడం లేదు. అది తెలుస్తూనే ఉంది, కానీ ఏం చెయ్యాలో బుద్ధికి తట్టడం లేదు. మళ్ళీ నిద్ర ముంచుకొస్తోంది. ఇన్నేళ్ళయినా నేను మర్చిపోలేనిది అదే. భయం కూడా వెయ్యలేదు నాకు.

నాన్న రెండో షిఫ్టు దిగి అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చారు. మనవరాలిని ఒకసారి చూసుకుందామని తలుపు తోశారు. గోనెపట్టా అడ్డం పడింది. ఆ వెచ్చటి గాలి మొహాన కొట్టేసరికి ఆయనకి అర్థమైపోయింది. ముందు పాపని ఎత్తుకెళ్ళి అరుగు మీద పక్కింటి పిన్ని చేతిలో పెట్టారు. తర్వాత నన్ను, తర్వాత అమ్మని ఈడ్చుకొచ్చారు. ఆఖరున కుంపటిని బయటికి తెచ్చి పెరట్లోకి విసిరేశారు.

పిన్ని నిమ్మకాయ వాసన చూపించబోయింది. ఇంకొకరు మజ్జిగ తెస్తామన్నారు. నాన్న ఎవరి మాటా వినలేదు. జీపు పిలిపించి ముగ్గుర్నీ ఆస్పత్రికి చేర్చారు. అక్కడ డాక్టరమ్మగారు అడిగిన మొదటి మాట, "గదిలో ఏం వెలిగించారు?" అని. మాకు ఆక్సిజన్ పెట్టారు. తెల్లవారుతుండగా పాప ఏడ్చింది. ఆ ఏడుపు విని ఏడవని వాళ్ళు లేరు ఆ వార్డులో.

నాన్న ఎప్పుడూ అమ్మని పల్లెత్తు మాట అనే మనిషి కాదు. ఆ రోజు మాత్రం అన్నారు. "గాలి ఆడని చోటికి గనిలోనే మమ్మల్ని పోనివ్వరే! నువ్వు ఇంట్లో గని చేసి పిల్లల్ని పడుకోబెట్టావు." అమ్మ ఏమీ అనలేదు. ఆవిడ తప్పేముంది? వాళ్ళమ్మ అలాగే చేసింది, వాళ్ళ అత్తగారు అలాగే చేశారు. గడపలకి సందులు, పెంకుటింటి కప్పుకి చూర్లు ఉన్న రోజుల్లో గాలి ఎలాగో దూరేది. మాది సిమెంటు ఇల్లు. ఉన్న రెండు సందులూ మేమే మూసేశాం.

నాన్నది ఆ వారం రెండో షిఫ్టు కాకుండా మూడో షిఫ్టు అయివుంటే తెల్లారాక గానీ ఇంటికి వచ్చేవారు కాదు. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు చల్లబడుతుంది.

అసలు ఏం జరుగుతుంది?

బొగ్గు కాలడానికి గాలి కావాలి. గాలి చాలినంత ఉంటే పూర్తిగా కాలుతుంది. చాలకపోతే సగం సగం కాలి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు, దగ్గు రాదు. పొగ వేరు, ఇది వేరు. పొగ పోయిందంటే విషం పోయిందని కాదు. పొగ లేని ఎర్రటి నిప్పులోంచే ఇది వస్తుంది. పైన బూడిద కప్పుకుని నిదానంగా రాజుతున్న కుంపటిలోంచీ వస్తుంది.

మన రక్తంలో హిమోగ్లోబిన్ అని ఉంటుంది. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ తీసుకుని ఒళ్ళంతా తిప్పేది అదే. బస్సు లాంటిదనుకోండి. ఈ విషవాయువు వెళ్ళి ఆ బస్సు సీట్లలో కూర్చుంటుంది, ఇక లేవదు. ఆక్సిజన్ కన్నా 200 రెట్లకి పైగా గట్టిగా అతుక్కుంటుంది. ఆక్సిజన్‌కి సీటు ఉండదు. అంచేత ఊపిరి ఆడుతున్నట్టే ఉంటుంది, ఒంటికి మాత్రం అందదు. ముందు తలనొప్పి, తల తిరుగుడు, వాంతి, నీరసం, మగత. నిద్రలో ఉన్నవాళ్ళకి అవి కూడా తెలియకపోవచ్చు. కడుపులో బిడ్డకీ, పసిపిల్లలకీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళకీ ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఇది మన ఊరి సంగతే అనుకోకండి. ఉత్తరాదిలో చలికాలం వస్తే అంగీఠీ లోపల పెట్టుకుని తలుపులేసుకు పడుకుని, ఇంటిల్లిపాదీ తెల్లారి లేవలేదన్న వార్త పేపర్లో చదువుతూనే ఉన్నాం. దక్షిణ కొరియాలోనైతే మన బిళ్ళల్లాంటివే, బొగ్గు పొడిని అచ్చులో అదిమి 19, 22 చిల్లులు పెట్టి చేసేవారు. 1960ల నుంచి 80ల దాకా పట్నాల్లో చాలా ఇళ్ళు వాటితోనే వెచ్చబడేవి. పొయ్యి వేడి నేల కిందనుంచి పోయి గది వెచ్చబడే పద్ధతి వాళ్ళది. నేల బీట వారితే ఆ సందులోంచి విషవాయువు గదిలోకి వచ్చేది. నిద్రలోనే ఎంతోమంది పోయారు. అక్కడి తల్లులు కూడా స్పృహ తప్పినవాళ్ళకి ముల్లంగితో ఊరవేసిన పుల్లనీళ్ళు తాగించేవారట. అక్కడ ముల్లంగి నీళ్ళు, ఇక్కడ నిమ్మకాయ, మజ్జిగ. ఏ దేశంలోనైనా ఇంట్లో ఉన్నదాన్ని పట్టుకుని పరిగెత్తేది ఆడవాళ్ళే కదా! కానీ ఈ విషానికి అవేవీ విరుగుడు కావు. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అదింకో ప్రమాదం. విరుగుడు మంచి గాలి, ఆస్పత్రిలో ఇచ్చే ఆక్సిజన్. అంతే.

గుర్తుంచుకోవలసినవి

1. మనుషులు నిద్రపోయే గదిలో కుంపటి పెట్టకూడదు. రాక్షసి బొగ్గయినా, కట్టె బొగ్గయినా, ఉండలైనా ఒకటే. కిటికీ ఓరగా తెరిచాం కదా అని కూడా పెట్టకండి.

2. ఉండల పొయ్యి ఆరుబయటే ఉండాలి. నీళ్ళు కాగగానే నీళ్ళు లోపలికి తెచ్చుకోండి, పొయ్యిని కాదు. రోజూ వంటకి నేలబొగ్గు వాడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే ఇళ్ళల్లో శుద్ధి చెయ్యని నేలబొగ్గు కాల్చవద్దని చెప్పింది. ఆ పొగ ఊపిరితిత్తుల క్యాన్సరుకి కూడా కారణమవుతుంది.

3. బాలింతకి సాంబ్రాణి పొగ వెయ్యాలని పెద్దవాళ్ళు పట్టుబడితే, తలుపులు బార్లా తీసి, జుట్టు ఆరగానే నిప్పులు బయటికి తీసుకెళ్ళండి. పసిబిడ్డకి మాత్రం ఏ పొగా వద్దు.

4. ఒకే గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతులు వచ్చాయంటే అజీర్ణం అనుకోకండి. ముందు తలుపులు తెరవండి. మనుషుల్ని బయటికి తీసుకురండి. నిప్పుల సంగతి తర్వాత. లోపల నిప్పుల మీద నీళ్ళు గుమ్మరించకండి. లోపలికి వెళ్ళేవాళ్ళు ఊపిరి బిగబట్టి వెళ్ళి వెంటనే బయటికి రావాలి.

5. 108కి ఫోన్ చెయ్యండి. డాక్టరుగారికి "కుంపటి పెట్టుకుని పడుకున్నారు" అని మీరే ముందు చెప్పండి. వేలికి పెట్టే ఆక్సిజన్ మిషన్ ఈ విషవాయువుని ఆక్సిజన్‌లాగే లెక్కేస్తుంది. అంకె బాగానే ఉంది కదా అని ఇంట్లో కూర్చోకండి.

6. నేలబొగ్గు బూడిద కూరమొక్కలకి వెయ్యకండి, గిన్నెలు తోమకండి. పూర్తిగా చల్లారాక గుంటలో పోసి మన్ను కప్పండి.

మరి బిడ్డకి వెచ్చదనం?

బిడ్డకి అన్నిటికన్నా వెచ్చని చోటు తల్లి గుండెలే. బిడ్డని ఒంటికి ఆనించుకుని పైన మెత్తటి దుప్పటి కప్పుకుంటే ఏ కుంపటీ అక్కర్లేదు. తలకి టోపీ, కాళ్ళకి మేజోళ్ళు ఉండాలి. పసిపిల్లల ఒంట్లో వేడి తలలోంచి కూడా చాలా పోతుంది. పక్క వెచ్చబడాలంటే వేడినీళ్ళ సంచీ తువ్వాల్లో చుట్టి పావుగంట పక్క మీద పెట్టి, తీసేశాక బిడ్డని పడుకోబెట్టండి. బిడ్డ పక్కన సంచీ ఉంచకండి, చర్మం కాలుతుంది. స్నానం పొద్దెక్కాక చేయించండి. తడి గుడ్డ వెంటనే మార్చండి. మంచం తలుపుకి ఎదురుగా కాకుండా గోడవారన వేసుకుంటే చల్లగాలి సూటిగా తగలదు, గదిలో గాలీ ఆడుతుంది.

ఉత్తరం రాసిన అక్కయ్యా, ఉండలు చక్కగా చేసుకోండి. పెరట్లో కాగు పెట్టి అమ్మాయికి వేడినీళ్ళు కాచి పొయ్యండి. కుంపటి మాత్రం గడప దాటి లోపలికి రానివ్వకండి. ఇంట్లో పెద్దవాళ్ళు "మేము పెట్టుకోలేదా, మాకేమైంది" అంటారు. నిజమే, వాళ్ళకేమీ కాలేదు. గాలి దూరే ఇళ్ళు వాళ్ళని కాపాడాయి. ఎదురు మాట్లాడలేకపోతే ఈ పేజీ చదివి వినిపించండి.

మా అమ్మ ఆ కుంపటిని మళ్ళీ వాడలేదు. అందులో మన్ను పోసి తులసి కోట పక్కన బంతిమొక్క వేసింది. నా చెల్లెలి పురుడు వచ్చినప్పుడు చలి అంతకన్నా ఎక్కువే. పక్కింటివాళ్ళు కుంపటి ఏదని అడిగితే అమ్మ పెరట్లో పూసిన బంతిపూలు చూపించింది.